ఎవరి తాలూకు?

మా విజయనగరం వైపు ఊళ్లోకి కొత్త మనిషి వస్తే పేరు తర్వాత అడుగుతారు. ముందు అడిగేది "ఎవరి తాలూకమ్మా?" అని. ఫలానా వారి కోడలు, ఫలానా వారి మేనల్లుడు అని తెలిశాకే మంచం వాల్చి కూర్చోమంటారు. నేను ఇరవై ఆరేళ్లు సీతంపేట ఏజెన్సీలో ఆశ్రమ పాఠశాల పిల్లలకు తెలుగు చెప్పి రిటైరయ్యాను. కొండల మీద సవర ఊళ్లలోనూ నన్ను మొదట అడిగింది ఈ మాటే.

కిందటేడాది నా పాత విద్యార్థి ఒకడు, సవర కుర్రాడు, ఒక దరఖాస్తు పట్టుకుని ఇంటికొచ్చాడు. ఊళ్లలో పనిచేసే యువకులకు ఢిల్లీలో ఎవరో ఇచ్చే ఫెలోషిప్ అది. వీడు డిగ్రీ అయ్యాక ఊరు వదలకుండా, పోడు భూముల పట్టాలకు జనం చేత కాగితాలు పెట్టిస్తూ తిరుగుతున్నాడు. "కొంచెం దిద్దండి మేడం" అన్నాడు. మొదటి పేరా నిండా వాళ్ల కొండ పేరు, గెడ్డ పేరు, తాత పేరు, ఆయన ఏయే ఊళ్ల తగవులు తీర్చేవాడో ఆ సంగతులు. ఎర్ర పెన్నుతో ఆ పేరా మొత్తం కొట్టేశాను. "ఇవన్నీ ఎవరు చదువుతారురా, నీ చదువు, అనుభవం ముందు రాయి" అన్నాను. అలాగే రాశాడు. ఫెలోషిప్ రాలేదు. రాకపోవడానికి కారణం అదో కాదో గానీ, కొట్టేసిన ఆ పేరా మాత్రం నా మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఈ మార్చిలో మెల్‌బోర్న్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లాను. అక్కడ ఆదివాసులకు, న్యూజిలాండ్ ఆదివాసులైన మావోరీలకు, పసిఫిక్ దీవుల వాళ్లకు నాయకత్వ ఫెలోషిప్‌లు ఉన్నాయని, నడిపేది కూడా ఆదివాసులేనని విన్నప్పటి నుంచీ చూడాలని ఉంది. ఎనిమిది రోజులు తిరిగి, ఏ రోజుది ఆ రాత్రే రాసుకున్నాను.

మొదటి రోజు: ఫుట్‌స్క్రే

అబ్బాయి ఇల్లు నగరానికి పడమట, టార్నీట్‌లో. వీధిలో నాలుగడుగులు వేస్తే తెలుగు వినిపిస్తుంది. పొద్దున్న రైలెక్కి ఫుట్‌స్క్రేలో దిగాను. పట్టాల మీదుగా ఒక నడక వంతెన ఉంది. రోజూ వేలమంది దాటే ఆ వంతెన పేరు విలియం కూపర్ వంతెన.

కూపర్ యోర్టా యోర్టా అనే ఆదివాసి తెగ మనిషి. వాళ్ల నేల ఇక్కడికి ఉత్తరాన, ముర్రే నది ఒడ్డున. రిజర్వులో, అంటే ఆదివాసులను ఉంచే సర్కారు స్థావరంలో ఉంటే, ముసలివాళ్ల పింఛను ఇచ్చేవారు కాదు. అందుకని 1933లో, డెబ్భై దాటాక, ఊరొదిలి ఈ ఫుట్‌స్క్రేకి వచ్చాడు. ఆ పింఛను డబ్బుల మీద బతుకుతూ ఆస్ట్రేలియా ఆదివాసుల లీగ్ పెట్టాడు. పార్లమెంటులో మాకో ప్రతినిధి కావాలని ఇంగ్లండు రాజుకు అర్జీ తయారుచేసి 1,814 సంతకాలు పోగుచేశాడు. ఆస్ట్రేలియా ప్రభుత్వం ఆ అర్జీని రాజుకు పంపనేలేదు.

నన్ను నిలబెట్టేసిన సంగతి ఇంకొకటి ఉంది. 1938 నవంబరులో జర్మనీలో యూదుల ఇళ్లు, గుడులు తగలబెట్టారు. డిసెంబరు 6న ఈ ముసలాయన తన వాళ్లను వెంటబెట్టుకుని ఫుట్‌స్క్రే నుంచి నగరంలోని జర్మన్ కాన్సులేట్‌కి నిరసన పత్రం పట్టుకెళ్లాడు. లోపలికి రానివ్వలేదు. సొంత దేశంలో తనకే దిక్కులేని రోజుల్లో ఎక్కడో సముద్రాల అవతలి జనం కోసం నడిచాడు. వంతెన మధ్యలో ఆగి కాసేపు రైళ్లు చూశాను. కూపర్‌కి ఏ ఫెలోషిప్ ఎవరిచ్చారు? ఆయనకి చదువు చెప్పింది ఎవరు? రెండో ప్రశ్నకు జవాబు ఐదో రోజున దొరికింది. అది నేను ఊహించనిది.

రెండో రోజు: విశ్వవిద్యాలయం

స్వాన్‌స్టన్ వీధి పొడుగునా ట్రామ్‌లో వెళ్తుంటే చివర ఎత్తైన భవనం కనబడుతుంది. దాని బాల్కనీల తెల్లటి అంచులు ఒంపులు ఒంపులుగా ఉంటాయి. దగ్గరికెళ్తే అవి వట్టి సిమెంటు ఒంపులు. దూరం నుంచి, దక్షిణం వైపు నిలబడి చూస్తే మాత్రం గడ్డం ఉన్న ఒక పెద్దాయన ముఖం తేలుతుంది. అది విలియం బరాక్ ముఖం. మెల్‌బోర్న్ ఉన్నది వురుంజెరి వాళ్ల నేల మీద. వాళ్ల పెద్ద బరాక్. కొరాండెర్క్ అనే ఆదివాసి స్థావరాన్ని తెల్లవాళ్లు మూసేయబోతే, అక్కణ్నుంచి తన వాళ్లతో ఇంతదూరం నడిచొచ్చి మంత్రులను నిలదీసేవాడు. అరవై కిలోమీటర్ల నడక! నేను మూడుసార్లు ముందుకూ వెనక్కూ నడిచి ఆ ముఖం ఎక్కడ మొదలై ఎక్కడ మాయమవుతుందో చూశాను.

అక్కణ్నుంచి మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం పక్కనే. ఆస్ట్రేలియాలో విశ్వవిద్యాలయ చదువు పూర్తిచేసి పట్టా పుచ్చుకున్న తొలి ఆదివాసి మార్గరెట్ విలియమ్స్. 1959లో ఇక్కడే. దేశానికంతటికీ ఆవిడే మొదటి మనిషి అంటే అప్పటిదాకా ఏం జరిగిందో వేరే చెప్పక్కర్లేదు.

నేను చూడాలనుకున్న అట్లాంటిక్ ఫెలోస్ ఫర్ సోషల్ ఈక్విటీ ఈ విశ్వవిద్యాలయంలోనే ఉంది. 2016లో 5 కోట్ల అమెరికన్ డాలర్లతో, ఇరవై ఏళ్ల పాటు నడపాలనే లెక్కతో ప్రకటించారు. మొదటి జట్టు 2018లో వచ్చింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఆదివాసులు, తర్వాత పసిఫిక్ దీవుల వాళ్లు, వాళ్లతో కలిసి పనిచేసే ఇతరులు కూడా ఇందులో ఉంటారు. మొదట ఒక పునాది సంవత్సరం. దాంతోపాటు సామాజిక మార్పు నాయకత్వంలో విశ్వవిద్యాలయ పట్టా. ఒక్కొక్కరూ తమ జనం మధ్య ఒక పని ఎత్తుకుని దాన్నే చదువుగా చేసుకుంటారు. ఏడాది అయిపోగానే సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపేయరు. ఒకసారి ఫెలో అయితే జన్మంతా ఫెలోయే.

మా కోడలికి తెలిసినావిడ ద్వారా ఒక ఫెలోని కలిశాను. నలభై దాటిన అబోరిజినల్ ఆవిడ. తల్లిదండ్రుల నుంచి విడదీసిన పిల్లలను తిరిగి సొంతవాళ్ల దగ్గరికి చేర్చే పనిలో ఉంది. కాఫీ తెచ్చుకుని కూర్చున్నాం. నేను నోట్‌బుక్ తెరిచే లోపల ఆవిడే మొదలుపెట్టింది: "మీదెక్కడ? మీ వాళ్లెవరు?"

మా నాగావళి గురించి చెప్పాను. మా నాన్నగారి ఊరు, అత్తవారి ఊరు, సీతంపేట కొండలు చెప్పాను. ఆవిడ మధ్యలో ఎక్కడా గడియారం చూడలేదు. ఇక్కడి ఆదివాసులు కొత్తవాళ్లను కలిస్తే అడిగేది ఇదేనట: "నీది ఏ మాబ్?" మాబ్ అంటే తన జనం, తన తాలూకు వాళ్లు. ఆవిడ జట్టులో మొదటి కలయిక అంతా దీనికే సరిపోయిందట. ఒక్కొక్కరూ లేచి తమ నేల గురించి, నది గురించి, నాయనమ్మ గురించి చెప్తుంటే పొద్దు వాలిపోయిందని చెప్పింది. "ఆ రోజు మేం చదువు మొదలుపెట్టలేదని మొదట అనుకున్నా. చదువు అదేనని తర్వాత తెలిసింది" అంది.

నేను ఎర్ర పెన్ను సంగతి చెప్పలేకపోయాను.

ఫెలోషిప్ వల్ల నీకు దక్కిందేమిటని అడిగాను. టైమ్ అంది. స్టైపెండ్ రావడం వల్ల ఇంటి అద్దె గురించి టెన్షన్ పడకుండా ఆలోచించుకునే టైమ్. ఇంకొకటి తోడు. మావోరీ, టోంగన్ ఫెలోలతో మాట్లాడుతుంటే తన కష్టం తన ఒక్క ఊరిది కాదని తెలిసిందట. తనను వెళ్లమని పట్టుబట్టింది ఊళ్లోని పెద్దమ్మలట. ఇప్పటికీ వెనక్కి వెళ్లినప్పుడల్లా "ఏం తెచ్చావ్?" అని వాళ్లడుగుతారు, విశ్వవిద్యాలయంలో ఎవరడిగినా అంత భయం వేయదు అని నవ్వింది.

మూడో రోజు: వాన

రోజంతా ముసురు. ఇంట్లోనే ఉండి, ఈ డబ్బు ఎవరిదా అని చదువుకున్నాను.

చక్ ఫీనీ అని, న్యూజెర్సీలో మామూలు ఐరిష్ అమెరికన్ కుటుంబంలో పుట్టినాయన. విమానాశ్రయాల్లో డ్యూటీ ఫ్రీ దుకాణాలు పెట్టి కోట్లు గడించాడు. గడించినదంతా, 800 కోట్ల డాలర్లకు పైనే, బతికుండగానే ఇచ్చేశాడు. చాలా ఏళ్లు తన పేరు బయటికి రానివ్వలేదు. సొంత ఇల్లు లేదు, సొంత కారు లేదు, చేతికి పదిహేను డాలర్ల ప్లాస్టిక్ వాచీ. ఇవ్వడానికి ఇంకేమీ మిగలలేదని 2020లో తన దాన సంస్థను మూసేశాడు. 2023లో తొంభై రెండో ఏట పోయాడు. చివరగా ఇచ్చిన పెద్ద మొత్తాల్లోనే ఈ ఫెలోషిప్‌లు ఉన్నాయి. ప్రపంచంలో ఇలాంటివి ఏడు, అన్నింటికీ కలిపి ఆక్స్‌ఫర్డ్‌లో ఒక కేంద్రం. మెల్‌బోర్న్‌ది వాటిలో ఒకటి.

ఆయన మీద గౌరవం కలిగింది. దిగులు కూడా వేసింది. ఒక్క మనిషి ధర్మబుద్ధి మీద నిలబడ్డ పనికి ఇరవై ఏళ్ల గడువుంది. ఆ తర్వాత ఎవరు? ఒక జాతి నేల తీసుకున్న ప్రభుత్వాలు, ఆ జాతి నాయకుల చదువుకి పక్కాగా, శాశ్వతంగా డబ్బు పెట్టడం న్యాయం. దాతలు దొరికారు కదా అని ఆ బాధ్యత మాఫీ అయిపోదు.

నాలుగో రోజు: షెపర్టన్

సదరన్ క్రాస్ స్టేషన్‌లో రైలెక్కి ఉత్తరానికి. మూడు గంటల లోపే షెపర్టన్. పళ్లతోటల ఊరు. పియర్ పళ్లు కోసే రోజులు, స్టేషన్ బయట కూడా ఆ తీపి వాసన. కోడలి స్నేహితురాలు, గుంటూరమ్మాయి, ఇక్కడ నర్సు. కారు తీసుకొచ్చింది. "ఆంటీ, ఇక్కడికి చుట్టాలొస్తే గులాబీ తోటలు చూపించమంటారు. మీరేంటి, ఇవి చూస్తానంటారు" అంటూనే రెండు రోజులూ ఓపిగ్గా తిప్పింది.

ఊరి మధ్యలో ఒక భవనం గోడ నిండా రెండు ముఖాలు. ఒకటి కూపర్‌ది. రెండోది సర్ డగ్లస్ నికల్స్‌ది. ముర్రే నది ఒడ్డున కుమ్మెరగుంజా అనే రిజర్వులో 1906లో పుట్టి, ఫుట్‌బాల్ ఆడి, పాస్టరై, జనం కోసం పోరాడి, 1976లో సౌత్ ఆస్ట్రేలియా గవర్నరయ్యాడు. ఆ పదవి ఎక్కిన తొలి ఆదివాసి. ఇక్కడి పార్లమెంటు నియోజకవర్గానికి ఆయనదీ ఆయన భార్య గ్లాడిస్‌దీ కలిపి నికల్స్ అని పేరు పెట్టారు. ఆదివాసులకు పార్లమెంటులో ఒక గొంతు ఉండాలా అని 2023 అక్టోబరులో దేశమంతా రెఫరెండం పెడితే, నికల్స్ పేరున్న ఈ నియోజకవర్గమే భారీగా వద్దంది. దేశం మొత్తం మీద కూడా ఓడిపోయింది. 1930లలోనే కూపర్ అర్జీలో అడిగింది దాదాపు ఇదే. ఆ గోడ కింద నిలబడి ఈ సంగతి వింటే గుండె బరువెక్కింది. నాయకులను ఎంతమందినైనా తయారుచేయవచ్చు, వాళ్ల మాట వినాల్సినవాళ్లకు ఏ ఫెలోషిప్ పెట్టాలి?

షెపర్టన్‌కీ మూరూప్నాకీ మధ్య నది పొంగితే మునిగే పల్లపు నేల ఉంది. దాన్ని ఫ్లాట్స్ అంటారు. 1939 తర్వాత యోర్టా యోర్టా కుటుంబాలు ఇక్కడే గోనెపట్టాలు, రేకు డబ్బాలతో గుడిసెలేసుకుని పళ్లు కోస్తూ, క్యానింగ్ ఫ్యాక్టరీలో కూలి చేస్తూ బతికాయి. 1954లో ఎలిజబెత్ రాణి ఈ దారిన వెళ్తుంటే ఈ గుడిసెలు కంటబడకుండా రోడ్డు పక్కన గోనెపట్టాలు కట్టేశారట. ఇప్పుడు అక్కడ యూకలిప్టస్ చెట్ల మధ్య నడకదారి ఉంది. ఓ చెట్టు మొదట్లో తుప్పు పట్టిన రేకు ముక్క కనిపించింది. అప్పటిదో, మొన్నెవరో పారేసిందో. వంగి చూశాను కానీ ముట్టుకోబుద్ధి కాలేదు.

1958లో ప్రభుత్వం కొన్ని కుటుంబాలకు మూరూప్నాలో కాంక్రీటు ఇళ్లు కట్టింది. ఆ చోటు పేరు రుంబలారా, అంటే ఇంద్రధనుస్సు చివర. ఈ రోజు ఆ పేరుతో ఆదివాసుల సొంత ఆరోగ్య సహకార సంఘం ఉంది. ఫుట్‌బాల్, నెట్‌బాల్ క్లబ్బు ఉంది. సాయంత్రం క్లబ్బు మైదానం కంచె దగ్గర నిలబడి చూశాం. చిన్నపిల్లల ప్రాక్టీసు. పదిహేనేళ్ల అమ్మాయి ఒకతి ఎనిమిదేళ్ల పిల్లలకు బంతి పట్టడం నేర్పుతోంది. ఒక పిల్ల ఏడుస్తూ గట్టు మీద కూర్చుంటే ఆటాపి, పక్కన కూర్చుని బూటు తాడు కట్టింది. తిడుతుందేమో, బుజ్జగిస్తుందేమో అనుకున్నాను. ఏమీ అనలేదు, తాడు కట్టి ఊరికే పక్కన కూర్చుంది. కాసేపటికి ఇద్దరూ లేచి వెళ్లారు. ఈ ఊరికి నాయకులు ఎక్కడ తయారవుతారంటే నేనైతే ఆ గట్టు చూపిస్తాను.

ఐదో రోజు: ముర్రే నది ఒడ్డు

బార్మాకి పొద్దున్నే బయల్దేరాం. ఎర్రగమ్ చెట్ల అడవి. రివర్ రెడ్ గమ్ అడవుల్లో ప్రపంచంలో ఇదే పెద్దదంటారు. మధ్యలో ముర్రే నది, వాళ్ల మాటలో ధుంగాల. నీళ్లు మన గోదావరి కొత్తనీటి రంగులో ఉన్నాయి. ఇవతల విక్టోరియా, అవతల న్యూ సౌత్ వేల్స్. అవతలి ఒడ్డు మీదే కుమ్మెరగుంజా. అక్కడ ఇప్పటికీ జనం ఉంటున్నారు. ఎవరూ పిలవకుండా వాళ్ల ఊళ్లోకి వెళ్లి ఫొటోలు తీయడం నాకిష్టం లేదు. సవర ఊళ్లకొచ్చి అలా చేసిన వాళ్లను చాలామందిని చూశాను. అందుకని ఇవతలి ఒడ్డునే కూర్చున్నాం.

1939 ఫిబ్రవరిలో కుమ్మెరగుంజాలో సుమారు రెండువందల మంది మేనేజరు పెత్తనం, చాలీచాలని రేషను, రోగాలు భరించలేక మూటాముల్లె సర్దుకుని ఈ నది దాటేశారు. ఆస్ట్రేలియా ఆదివాసుల చరిత్రలో అంతమంది కలిసి రిజర్వు వదిలి నడిచిపోయిన మొదటి సంఘటన అది. ఆ ఒక్క ఊరి నుంచి కూపర్, నికల్స్, ఇంకా ఎంతోమంది ఎలా వచ్చారు? ఒక మారుమూల రిజర్వులో ఇంతమంది నాయకులా?

జవాబు ఒక బడిపంతులు. థామస్ షాడ్రాక్ జేమ్స్. 1859లో మారిషస్‌లో పుట్టాడు. తండ్రిది మదరాసు నుంచి అక్కడికి వెళ్లిన కుటుంబం. మన దక్షిణాది మనిషి! పేరు చూసి నేను ఇంగ్లీషాయన అనుకున్నాను. కుర్రతనంలో ఆస్ట్రేలియా వచ్చి, 1880ల మొదట్లో ఈ నది పక్కనే ఉన్న మలోగా మిషన్‌లో పంతులుగా చేరాడు. జనం కుమ్మెరగుంజాకి మారితే తనూ వాళ్లతోనే మారాడు. 1922 దాకా, నలభై ఏళ్లు, ఇక్కడే పాఠాలు చెప్పాడు. కూపర్ అక్కచెల్లెళ్లలో ఒకరైన ఏడాను పెళ్లాడాడు. పిల్లలకే కాదు, పెద్దలకూ అక్షరాలు నేర్పాడు. కూపర్ ఆయన శిష్యుడే, నికల్స్ కూడా. అర్జీ ఎలా రాయాలో, ఎవరికి రాయాలో ఆ తరం అంతా నేర్చుకుంది ఆ బడిలోనే.

నేను కూడా పంతులమ్మనే కదా, ఈ సంగతి తెలిసి కళ్లు చెమర్చాయి. ఫుట్‌స్క్రే వంతెన మీద అడిగిన ప్రశ్నకి జవాబు మన సముద్రం ఒడ్డు నుంచే వచ్చింది. మా వైపు గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తొచ్చారు. వాడుక భాష ఉద్యమం మనందరికీ తెలుసు. దానికంటే ముందే పర్లాకిమిడిలో ఆయన సవరల మాట నేర్చుకున్నారు, సవర పిల్లలకు బడి పెట్టారు, తర్వాత ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు కూడా రాశారు. మా ఆశ్రమ పాఠశాలలో ఇరవై ఆరేళ్లు నేను సవర పిల్లలకు తెలుగు నేర్పాను, వాళ్ల దగ్గర సవర నేర్చుకున్నది మాత్రం అతి తక్కువ. జేమ్స్ మాస్టారు, గిడుగు వారు ఇద్దరూ బయటివాళ్లే. జనంలో కలిశారు, పనిముట్టు చేతికందించారు, ముందు నిలబడాల్సిన చోట జనాన్నే నిలబెట్టారు. నేనేమో పిల్లవాడి చేతిలోని కాగితం లాక్కుని దిద్దాను.

నర్సమ్మాయి ఫ్లాస్కులోంచి టీ పోసింది. అవతలి ఒడ్డున ఎవరో కుక్కను పిలుస్తున్న కేక నీళ్ల మీదుగా స్పష్టంగా వినబడింది.

1998లో ఒక జడ్జి యోర్టా యోర్టా వాళ్ల భూమి కేసు కొట్టేస్తూ, చరిత్ర కెరటం వాళ్ల హక్కును కొట్టుకుపోయిందన్నాడు. 2002లో హైకోర్టు, అంటే వీళ్ల అత్యున్నత న్యాయస్థానం, ఆ తీర్పునే ఖాయం చేసింది. కోర్టులో ఓడిపోయినా ఆగలేదు. ఈ బార్మా అడవి నిర్వహణలో వాళ్లకూ భాగం ఉండేలా తర్వాత ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నారు.

ఆరో రోజు: ప్రయాణం

తెల్లవారుజామున విమానం. మూడున్నర గంటల్లో ఆక్లాండ్. గడియారం రెండు గంటలు ముందుకు తిప్పుకోవాలి. మా తోడికోడలి కూతురు పాపటోయిటోయిలో ఉంటుంది. "పెద్దమ్మా, ముందు నిద్రపో" అంది. పడుకున్నాను.

ఏడో రోజు: ఆక్లాండ్

సముద్రం మీదికి పొడుచుకొచ్చిన పచ్చటి కొండ. మావోరీ పేరు తకాపరవ్హావు, ఇంగ్లీషులో బాస్టియన్ పాయింట్. ఎంత అందమైన చోటంటే, దీన్ని డబ్బున్నవాళ్ల ఇళ్లకు అమ్మేద్దామని ప్రభుత్వం అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. న్గాటి ఫాటువా అనే మావోరీ తెగ వాళ్లు 1977 జనవరిలో వచ్చి ఈ కొండ మీద గుడారాలేశారు. 506 రోజులు కదల్లేదు. 1978 మే 25న పోలీసులు, సైన్యం వచ్చి 222 మందిని అరెస్టు చేశారు. ఆ శిబిరంలో అగ్నిప్రమాదం జరిగి ఒక చిన్నపాప చనిపోయింది. ఆ పాప జ్ఞాపకంగా ఇక్కడొక చోటు ఉంది. ఎంతోసేపు అక్కడే ఉండిపోయాను. చివరికి నేల వాళ్లకి తిరిగొచ్చింది.

మావోరీలు తమను పరిచయం చేసుకునే పద్ధతిని పెపెహా అంటారు. ముందు నా కొండ ఇది అంటారు. తర్వాత నా నది, మా పూర్వికులు వచ్చిన పడవ, మా తెగ, మా పెద్దలు. తన పేరు చివరాఖరికి. నిర్ఘాంతపోయాను. ఇది నా సవర కుర్రాడు రాసుకొచ్చిన పేరాయే! వరస కూడా అదే, కొండ, గెడ్డ, తాత.

మధ్యాహ్నం మా అమ్మాయి తన ఆఫీసు స్నేహితురాలిని కలిపింది. సమోవన్ అమ్మాయి, సెలవురోజుల్లో యువకులతో పనిచేస్తుంది. ముగ్గురం పొన్సన్‌బీ వీధుల్లో నడిచాం. ఇప్పుడక్కడ అన్నీ ఖరీదైన కేఫేలు. 1971లో ఇది సమోవా, టోంగా నుంచి ఫ్యాక్టరీ పనులకు వచ్చిన వాళ్లు అద్దెకుండే పేట. ఇక్కడే ఇరవై ఏళ్లు అటూ ఇటూ ఉన్న కుర్రాళ్లు పాలినేషియన్ పాంథర్స్ అనే సంఘం పెట్టారు. పిల్లలకు హోంవర్కు చెప్పించేవారు. పోలీసులు ఆపితే మీ హక్కులేమిటో చెప్పే చిన్న పుస్తకం పంచారు. అది తయారుచేయడంలో సాయపడ్డ యువ లాయరు డేవిడ్ లాంగీ తర్వాత ప్రధానమంత్రయ్యాడు. వీసా గడువు దాటిందంటూ 1970ల్లో పోలీసులు తెల్లవారకుండానే పసిఫిక్ కుటుంబాల తలుపులు బాదుతుంటే, ఈ కుర్రాళ్లు లౌడ్‌స్పీకర్లు పట్టుకుని మంత్రుల ఇళ్లకు తెల్లవారుజామునే వెళ్లి పాస్‌పోర్టులు చూపించమని కేకలేశారు.

2021 ఆగస్టు 1న ప్రధాని జసిండా ఆర్డెర్న్ ఆక్లాండ్ టౌన్‌హాల్లో ఆ దాడులకు క్షమాపణ చెప్పింది. సమోవాలో తప్పు చేసినవాళ్లు మెత్తటి చాప కప్పుకుని కూర్చుంటారు. నష్టపోయినవాళ్లు వచ్చి ఆ చాప తీస్తే క్షమించినట్టు. దాన్ని ఇఫోగా అంటారు. దేశ ప్రధాని ఆ చాప కింద తలవంచి కూర్చుంది. ఆ క్షమాపణలో భాగంగా పసిఫిక్ పిల్లల చదువులకు 21 లక్షల న్యూజిలాండ్ డాలర్ల స్కాలర్‌షిప్‌లు, సమోవా, టోంగా, తువాలు, ఫిజీల యువ నాయకుల శిక్షణకు మరో 10 లక్షలు ప్రకటించారు. మూడో రోజు వానలో నేను వెతుక్కున్నది కొంత ఇక్కడ కనిపించింది. ఇది ఎవరి దయా కాదు, తప్పు ఒప్పుకున్న ప్రభుత్వం తీర్చే బాకీ. మొత్తం చిన్నదే. అయినా దారి సరైనది.

సమోవన్ అమ్మాయిని అడిగాను, నాయకత్వానికి మీ మాటలో ఏమంటారని. జవాబుగా వాళ్ల సామెత చెప్పింది: "ఓ లే అలా ఇ లే పూలే ఓ లే తౌతువా." పెద్దరికానికి దారి సేవ. సమోవాలో మతాయి అనే పెద్దరికపు పేరు ఎవరికివ్వాలో చుట్టపక్కాలంతా కూర్చుని తేలుస్తారట. అన్నేళ్లు ఎవరు వడ్డించారో, ఎవరు గిన్నెలు కడిగారో వాళ్లందరికీ తెలుసు కాబట్టి.

ఎనిమిదో రోజు: ఓటారా సంత

శనివారం పొద్దున్న ఓటారా సంత. కారు పార్కింగులో గుడారాలు. చేమ దుంపలు ఒక్కోటి మన కొబ్బరికాయంత. కట్టలుగా చేమాకు, పచ్చి కొబ్బరి, చాపలు, పూలదండలు. సీతంపేట సోమవారం సంత గుర్తొచ్చింది, అదే గోల.

వంకాయలు అమ్మే ఫిజీ పెద్దావిడ నా చీర చూసి హిందీలో ఏ ఊరని అడిగింది. విజయనగరం అన్నాను. తెలియదంది. విశాఖపట్నం పక్కన అన్నాను. ఆవిడ చేతిలో తూకం ఆగిపోయింది. వాళ్ల ముత్తాత చెరుకుతోటల్లో కూలికి గిర్మిట్ అనే ఒప్పందం రాసి ఓడెక్కింది "వైజాగాపటం" వైపు నుంచేనని ఇంట్లో చెప్పుకుంటారట. తెలుగు రాదు. రెండే మాటలు మిగిలాయి, "అమ్మమ్మ", "రా రా". ఆ రెండూ నాకు రెండుసార్లు చెప్పి, వంకాయలు సంచిలో ఎక్కువే వేసింది.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం రెండు. అంటే మనకు పొద్దున్న ఆరున్నర. కొండమీద ఆ వేళకి అందరూ లేచే ఉంటారు. నా కుర్రాడికి ఫోన్ చేశాను.

"మేడం, బాగున్నారా? ఎక్కడున్నారు?"

"దూరంగా ఉన్నాన్రా. ఆ రోజు నీ దరఖాస్తులో ఒక పేరా కొట్టేశాను చూడు. అది తప్పురా, నా తప్పే. ఆ పేరా ఇంకా ఉందా?"

కాసేపు చప్పుడు లేదు. "ఉంది మేడం. మీరు దిద్దిన కాగితం దాచుకున్నాను" అన్నాడు.

"తీసి చదువు. మెల్లిగా చదువు, రాసుకుంటాను. ఈసారి పంపేదానికి అదే మొదటి పేరా."

ట్రంకుపెట్టె తెరిచిన చప్పుడు, వాళ్లమ్మ ఏదో సవరలో అడగడం, వీడు జవాబివ్వడం వినిపించాయి. చదవడం మొదలుపెట్టాడు. కొండ పేరు చెప్పాడు. స్పెల్లింగు రెండుసార్లు అడిగి రాసుకున్నాను. గెడ్డ పేరు చెప్పాడు. తాత దగ్గరికొచ్చేసరికి సిగ్నల్ పోయింది.

మళ్లీ కలిపాను. "తాత పేరు దగ్గర ఆగాం. అక్కణ్నుంచి చదువు" అన్నాను.